ఎయిమీ రాబ్సార్ట్ మెట్ల కేసు: ఒక ట్యూడర్ మిస్టరీ నవలను రెండోసారి రాయాల్సి వచ్చిన వైనం

ఈ నవల మొదటి డ్రాఫ్టు 340 పేజీలు. దాన్ని మొత్తం పక్కన పెట్టి మళ్ళీ మొదటి పేజీ నుంచి రాశాను. ఎందుకు పక్కన పెట్టాల్సి వచ్చిందో, రెండోసారి ఏం మార్చానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే చారిత్రక మిస్టరీ రాయాలని కూర్చున్న ప్రతివాళ్ళూ ఈ గుంటలో పడే అవకాశం ఉంది, నేనైతే పది నెలలు పడే ఉన్నాను.

ముందు అసలు కేసు చెప్తాను. 1560 సెప్టెంబరు 8, ఆదివారం. ట్యూడర్ వంశం ఇంగ్లండును ఏలుతున్న కాలం. ఇంగ్లండులో కమ్నర్ అనే పల్లె, అప్పట్లో బెర్క్‌షైర్ కింద ఉండేది. అక్కడ కమ్నర్ ప్లేస్ అనే పెద్ద ఇల్లు, ఒకప్పుడు ఆబింగ్డన్ మఠం వాళ్ళది. అందులో ఎయిమీ రాబ్సార్ట్ ఉంటోంది, వయసు 28, పెళ్ళై పదేళ్ళు దాటింది. భర్త రాబర్ట్ డడ్లీ మాత్రం అక్కడ లేడు. అతను మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర అశ్వశాలల అధిపతి, రాణి ఎక్కడుంటే అతనూ అక్కడే. రాణికీ అతనికీ మధ్య ఏదో ఉందని రాయబారులు తమ దేశాలకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆ ఆదివారం ఆబింగ్డన్‌లో సంత. ఎయిమీ తన పనివాళ్ళందర్నీ సంతకు వెళ్ళమని పట్టుబట్టింది, వెళ్ళనన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకుంది. ఆ ఇంట్లోనే ఉంటున్న మిసెస్ ఒడింగ్సెల్స్ మాత్రం ఆదివారం పూట సంత జనంలో తిరగడం మర్యాదస్తులకు తగదని అంది. వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఆ రోజే ఎయిమీ మెట్ల కింద మెడ విరిగి చనిపోయి కనిపించింది.

ఇంతకంటే మంచి మిస్టరీ ప్లాటు ఎవరైనా అల్లగలరా? అందుకే ఎగబడ్డాను, తప్పులన్నీ అక్కడే చేశాను.

మొదటి డ్రాఫ్టులో ఒక తెలివైన యువకుణ్ణి పెట్టాను. అతను మెట్లు కొలుస్తాడు, నెత్తుటి చుక్కలు ఏ వైపుకు జారాయో చూస్తాడు, శవం బిగుసుకున్న తీరును బట్టి చనిపోయిన గంట చెప్తాడు, చివర్లో అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి హంతకుడి పేరు బయటపెడతాడు. చదివిన నలుగురిలో ముగ్గురు బావుందన్నారు. నాలుగోవాడు మా బాబాయి. ముప్పై ఏళ్ళు పోలీసు డిపార్టుమెంటులో చేసి హెడ్‌కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "ఒరేయ్, అంతా బానే ఉంది గానీ, శవం చుట్టూ కూర్చున్న పంచాయతీదార్లు ఎవర్రా? వాళ్ళని ఎవరు పిలిచారు? కాగితం మీద సంతకాలు ఎవరివి?"

నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే శవ పంచనామా జరుగుతుంది, ఊళ్ళో నలుగురు పెద్దమనుషుల్ని పంచాయతీదార్లుగా కూర్చోబెట్టి, శవాన్ని చూపించి, వాళ్ళ అభిప్రాయం రాయిస్తారు. ట్యూడర్ ఇంగ్లండులో దానికి అన్నలాంటి పద్ధతి ఉండేది, కరోనర్ ఇన్‌క్వెస్ట్. కరోనర్ అంటే ఇలాంటి చావుల్ని విచారించే అధికారి, అతను వస్తాడు, చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళను జ్యూరీగా పిలుస్తాడు, వాళ్ళు శవాన్ని కళ్ళారా చూసి, తెలిసింది తెలిసినట్టు చెప్పి తీర్పు ఇస్తారు. కోసి చూసే పోస్ట్‌మార్టం లేదు. ఒంటరి మేధావి డిటెక్టివ్ అసలే లేడు. నిజం కనిపెట్టాల్సింది పన్నెండు మందికి పైగా ఉన్న ఇరుగుపొరుగువాళ్ళు, వాళ్ళలో కొందరికి ఆ ఇంటివాళ్ళతో లావాదేవీలు, భయాలు, మొహమాటాలు అన్నీ ఉంటాయి. బాబాయి ప్రశ్న తర్వాత నాకర్థమైంది, నేను 1560లో కథ రాయలేదు, ఇవాళ్టి కథకు పాత గౌను తొడిగాను.

అక్కణ్ణుంచి రెండు నెలలు ఏమీ రాయలేదు. గోడకు పెద్ద చార్టు అంటించాను. అడ్డంగా తేదీలు, నిలువుగా మనుషులు. ప్రతి గడిలో ఒకటే విషయం: ఆ రోజుకి ఆ మనిషికి ఏం తెలుసు, ఎవరి ద్వారా తెలిసింది. ఫోన్లు, టెలిగ్రాములు లేని కాలంలో వార్త అంటే గుర్రం మీద వచ్చే ఒక మనిషి. డడ్లీ ఉన్న విండ్సర్‌కీ కమ్నర్‌కీ మధ్య 30 మైళ్ళకు పైనే. ఆ ముప్పై మైళ్ళలోనే నా నవల మొత్తం దాగి ఉంది, అది మొదటిసారి నాకు కనబడలేదు.

ఉదాహరణకి థామస్ బ్లౌంట్. డడ్లీకి బంధువు, నమ్మినబంటు. అతను రాసిన ఉత్తరాలు, డడ్లీ అతనికి రాసినవి, ప్రతుల రూపంలో మిగిలాయి. సోమవారం, అంటే 9న, బ్లౌంట్ విండ్సర్ నుంచి కమ్నర్ వైపు బయల్దేరాడు. వార్త ఇంకా విండ్సర్ చేరలేదు. దార్లో ఎదురుగా బోవెస్ అనే పనివాడు వస్తూ కనిపించి, అమ్మగారు మెట్ల మీంచి పడి చనిపోయారని చెప్పాడు. ఇక్కడ మామూలు మనిషి ఏం చేస్తాడు? గుర్రాన్ని అదిలించి నేరుగా కమ్నర్ పోతాడు, లేదా వెనక్కి తిరిగి యజమాని దగ్గరికి పోతాడు. బ్లౌంట్ రెండూ చెయ్యలేదు. ఆ రాత్రి ఆబింగ్డన్‌లో ఒక సత్రంలో దిగాడు. భోజనం దగ్గర సత్రం యజమానిని పిలిచి, తానేదో గ్లాస్టర్‌షైర్ వెళ్తున్న బాటసారినన్నట్టు, ఇక్కడేం విశేషాలని అడిగాడు. అతను మూడు నాలుగు మైళ్ళ దూరంలో జరిగిన చావు గురించి చెప్పాడు. జనం ఏమనుకుంటున్నారని బ్లౌంట్ అడిగితే, కొందరు మంచిగా అనుకుంటున్నారు, కొందరు చెడుగా అనుకుంటున్నారు అన్నాడు. నీ మాటేమిటంటే, ఆ ఇంటి పెద్ద మంచివాడు కాబట్టి ప్రమాదమేనని నా నమ్మకం అన్నాడు.

ఈ సంగతి బ్లౌంట్ తనంతట తానే తన ఉత్తరంలో డడ్లీకి రాశాడు. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. శవం అక్కడ ఉండగా, అతను ముందు చూసుకున్నది శవాన్ని కాదు, ఊరి నోటిని. ఇది అపరాధం దాచాలనుకునేవాడి పనా, లేక తన యజమాని పరువు ఎంత ప్రమాదంలో ఉందో వెంటనే పసిగట్టిన నమ్మకస్తుడి పనా? రెండు రకాలుగానూ చదవొచ్చు, రెండూ సబబే. మొదటి డ్రాఫ్టులో ఇది నాలుగు వాక్యాల్లో అయిపోయింది. రెండో డ్రాఫ్టులో ఇరవై రెండు పేజీల అధ్యాయం, నవలలో అందరికీ గుర్తుండిపోయింది ఇదే.

అదే సోమవారం సాయంత్రం విండ్సర్ నుంచి డడ్లీ రాసిన ఉత్తరంలో ఏడుపు కంటే పరువు గురించిన టెన్షన్ ఎక్కువ కనిపిస్తుంది. జ్యూరీలో తేలికపాటి మనుషులు ఉండకూడదు, బుద్ధిమంతులు, నిలదొక్కుకున్నవాళ్ళు ఉండాలని కోరాడు. తర్వాత జ్యూరీ ఫోర్‌మన్ స్మిత్ నుంచి తనకు ఉత్తరం వచ్చిందని అతనే రాశాడు, విచారణ ఇంకా నడుస్తుండగానే! బాబాయికి ఈ ముక్క చదివి వినిపిస్తే, "అదిగో, ఇప్పుడు కేసులా ఉంది" అన్నాడు.

చార్టులో ఎంత ప్రయత్నించినా నిండని గడి రాణిది. స్పెయిన్ రాయబారి అల్వారో ద లా క్వాడ్రా సెప్టెంబరు 11 తేదీతో ఒక ఉత్తరం రాశాడు. అందులో, రాణి మంత్రి సిసిల్ తనతో రహస్యంగా మాట్లాడాడనీ, డడ్లీ భార్యను వదిలించుకునే ఆలోచనలో ఉన్నారనీ, ఆమెకు జబ్బని ప్రచారం చేస్తున్నారు గానీ ఆమె బాగానే ఉందని సిసిల్ అన్నాడనీ ఉంది. ఆ మర్నాడు రాణి వేట నుంచి వస్తూ, రాబర్ట్ భార్య చనిపోయింది లేదా చావుకు దగ్గరగా ఉంది, ఎవరికీ చెప్పకు అందని కూడా ఉంది. ఏ రోజున ఏ మాట అన్నదీ మాత్రం ఉత్తరంలో స్పష్టంగా లేదు. రాణి ఆ మాట 9న, వార్త చేరాక అని ఉంటే అందులో వింతేమీ లేదు. ఒక్క రోజు ముందు అని ఉంటే కథే వేరు. ఒక్క రోజు తేడాతో ఒక రాణి అమాయకురాలో, ముందే తెలిసిన మనిషో అయిపోతుంది. మొదటి డ్రాఫ్టులో నేను తేదీని నాకు కావాల్సినట్టు 8 అని ఖాయం చేసేశాను. అది మోసం. రెండోసారి ఆ ఉత్తరాన్ని తేదీల గందరగోళంతో సహా నవలలో పెట్టాను, పాత్రలు దాని గురించి వాదించుకుంటాయి, పాఠకుడు కూడా వాళ్ళతో కలిసి లెక్కపెట్టుకుంటాడు.

తేదీల మాట వచ్చింది కాబట్టి, నా అన్ని తప్పుల్లోకీ పెద్దది చెప్పాలి. సంత రోజు అందరూ వెళ్ళిపోతే మీకు డిన్నర్‌కి తోడెవరని మిసెస్ ఒడింగ్సెల్స్ అడిగితే, మిసెస్ ఓవెన్ ఉంటుందని ఎయిమీ జవాబిచ్చింది. నేను డిన్నర్ అంటే రాత్రి భోజనం అనే రాసేశాను. మనకి డిన్నర్ అంటే అదే కదా, పెళ్ళి కార్డుల్లో కూడా అదే. కానీ ట్యూడర్ కాలంలో డిన్నర్ అంటే పగటి భోజనం, మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూ. రాత్రి తినేది సప్పర్. నా ఒక్క మాటతో ఇల్లు ఖాళీగా ఉన్న సమయం పగటి నుంచి రాత్రికి జరిగిపోయింది, దాంతో మెట్ల మీద చీకటి వచ్చింది, కొవ్వొత్తి వచ్చింది, కొవ్వొత్తి ఆర్పిన హంతకుడు వచ్చాడు, ఆ కొవ్వొత్తి చుట్టూ ఏకంగా మూడు అధ్యాయాలు వచ్చాయి. అన్నీ తీసేశాను. ఆ మూడు అధ్యాయాలు తీసేసినప్పుడు బాధేసింది, అబద్ధం చెప్పను, కానీ పట్టపగలు, ఖాళీ ఇల్లు, దూరంగా సంత సందడి, ఇవి చీకటి కంటే ఎక్కువ భయపెట్టాయి.

ఇక హీరో సంగతి. డిటెక్టివ్‌ని తీసేశాక కథ ఎవరి కళ్ళతో చెప్పాలి? జవాబు అసలు రికార్డులోనే దొరికింది. కరోనర్ జాన్ పడ్సే నివేదిక శతాబ్దాల పాటు ఎవరి కంటా పడలేదు, 2008లో లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో చరిత్రకారుడు స్టీవెన్ గన్ పట్టుకున్నాడు. నివేదిక లాటిన్‌లో ఉంది. ఎయిమీ ఒక గదిలో ఒంటరిగా ఉండి, మెట్లు దిగబోతూ ప్రమాదవశాత్తు కిందిదాకా పడిందని, మెడ విరిగిందని, తల మీద రెండు గాయాలున్నాయని, ఒకటి పావు అంగుళం లోతు, ఇంకొకటి రెండు అంగుళాల లోతు అని ఉంది. ఒంటి మీద వేరే గాయం ఏదీ లేదు. ఇందులో నన్ను పట్టేసిన విషయం వేరే. లాటిన్ వాక్యం మధ్యలో రెండు చోట్ల ఆగి, వీటిని ఇంగ్లీషులో 'స్టెయర్స్' అంటారు, 'డింట్స్' (దెబ్బకు పడిన గుంటలు) అంటారు అని రాసి ఉంది. అంటే రాసేవాడు అక్కడ ఆగాడు. జనం ఇంగ్లీషులో చెప్పింది తను లాటిన్‌లో పెడుతుంటే ఏదో జారిపోతోందని అనిపించి, వాళ్ళ మాటను వాళ్ళ నోటిదిగానే అక్కడ ఉంచాడు.

నేను అనువాదాలు చేసిన మనిషిని. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. కాబట్టి నా కథానాయకుడు కరోనర్ గుమాస్తా అయ్యాడు, పూర్తిగా కల్పిత పాత్ర. అతని పని నిజం కనిపెట్టడం కాదు, పదిహేను మంది పదిహేను రకాలుగా చెప్పినదాన్ని ఒక్క లాటిన్ పేరాలోకి దించడం. 'ప్రమాదవశాత్తు' అన్న ఒక్క మాట రాయాలా వద్దా అన్నది అతని నవల. అతనికి తెలిసిన లెక్క ఒకటుంది: అప్పటి చట్టం ప్రకారం హత్య అని తేలితే కరోనర్‌కి హంతకుడి ఆస్తి నుంచి 13 షిల్లింగుల 4 పెన్సులు ఫీజు వచ్చేది, ప్రమాదం అని తేలితే ఫీజు లేదు. ఎంత పెద్దవాళ్ళ ఒత్తిడి ఉన్నా, డబ్బు ఎటు లాగుతుందో కూడా చూపించాలి కదా. ఈ లెక్క దొరికాక గుమాస్తాకీ కరోనర్‌కీ మధ్య గొడవ దానంతటదే పుట్టింది, నేను కల్పించక్కర్లేకపోయింది.

తెలుగులో రాయడం వల్ల వచ్చిన చిక్కులూ ఉన్నాయి, కొన్ని మేళ్ళూ ఉన్నాయి. చిక్కు, ఆమె పేరు. మొదట 'ఏమీ' అని రాసుకున్నాను. "ఏమీ చెప్పలేదు" అన్న వాక్యం దగ్గర కంపోజింగ్ చేసే అమ్మాయి ఆగి, ఇది పేరా మాటా అని అడిగింది. వెతికితే అలాంటివి అరవైకి పైగా తేలాయి, "ఏమీ తెలియదు", "ఏమీ కాలేదు", "ఏమీ మిగల్లేదు". చనిపోయిన మనిషి పేరు ప్రతి వాక్యంలో మాయమైపోతోంది. అందుకే 'ఎయిమీ' అని మార్చాను, చూడటానికి కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా. కానీ ఒక్క చోట, గుమాస్తా కలలో, పాత రూపమే ఉంచేశాను.

మేలు ఏంటంటే, నువ్వు–మీరు. ఆనాటి ఇంగ్లీషులో 'దౌ', 'యూ' అని రెండు రకాలు ఉండేవి, ఇవాళ్టి ఇంగ్లీషు నవలలో ఆ తేడా చూపించాలంటే పాతకంపు కొడుతుంది. మనకి ఆ బెడద లేదు. రాణి సభలో డడ్లీని మీరు అంటుంది, కోపం వచ్చినప్పుడు నువ్వు అంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడూ నువ్వే అంటుంది, ఆ రెండు నువ్వుల మధ్య తేడా తెలుగు పాఠకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రచురించడానికి ముందుకొచ్చిన ఒకరు, మన పాఠకులకు దగ్గరవుతుంది, ఒక తెలుగు నావికుడి పాత్ర పెట్టండి అన్నారు. కుదరదన్నాను. ఇంగ్లీషువాళ్ళ ఓడ మచిలీపట్నం వచ్చింది 1611లో, ఈ చావు జరిగిన యాభై ఏళ్ళకి. లేని చుట్టరికం కలిపితే పాఠకుడు దగ్గరవ్వడు, అనుమానపడతాడు. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు, పుస్తకం వేరేచోట వచ్చింది.

హంతకుడెవరు? చాలామంది ముందు ఇదే అడుగుతారు. మొదటి డ్రాఫ్టులో నేను ఒక పేరు చెప్పాను, 1584లో డడ్లీని దుమ్మెత్తిపోస్తూ వచ్చిన ఒక కరపత్రం లాంటి పుస్తకాన్ని నమ్మి. చావు జరిగిన 24 ఏళ్ళకి, శత్రువులు రాసింది అది. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడం నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎయిమీ రొమ్ములో ఏదో జబ్బుందని 1559లోనే ఇంకో స్పెయిన్ రాయబారి రాశాడు. అది కేన్సరై, వెన్నెముకకు పాకి, ఎముకలు గుల్లబారి, మెట్లు దిగే కుదుపుకే మెడ విరిగి ఉంటుందని 1956లో ఇయాన్ ఎయర్డ్ అనే సర్జరీ ప్రొఫెసర్ ప్రతిపాదించాడు. వినడానికి బాగా అతికినట్టే ఉంటుంది, కానీ తల మీద రెండంగుళాల లోతు గాయం సంగతి 2008 దాకా తెలియదు. ఆత్మహత్య అందామంటే, ఆగస్టు 24న ఆమె తన టైలర్ విలియం ఎడ్నీకి రాసిన ఉత్తరం ఉంది, ఒక వెల్వెట్ గౌనుకు ఫలానా రకం కాలరు పెట్టమని. చావాలనుకునే మనిషి గౌను ఆర్డరిస్తుందా? ఇస్తుంది కూడా, మనుషులు అలాగే ఉంటారు.

ఆత్మహత్య అనుమానానికి మూలం పనిమనిషి పిర్టో. అమ్మగారంటే ప్రాణం ఆమెకి. బ్లౌంట్ అడిగితే, ఇది ఎవరో చేసింది కాదు, తనకు తాను చేసుకున్నదీ కాదు, ఒట్టి ప్రమాదం అంది. తర్వాత, నిరాశ నుంచి తప్పించమని అమ్మగారు దేవుణ్ణి వేడుకోవడం చాలాసార్లు విన్నానంది. అయితే మనసులో ఏదైనా పిచ్చి ఆలోచన ఉందేమో అని బ్లౌంట్ పట్టుకున్నాడు. వెంటనే పిర్టో, నా మాటల్ని అలా అర్థం చేసుకోకండి, మీరలా తీసుకుంటే అసలు ఇంత మాట్లాడినందుకే బాధపడతాను అంది. ఆ రోజుల్లో ఆత్మహత్య అంటే పాపం మాత్రమే కాదు, నేరం, క్రైస్తవ పద్ధతిలో ఖననం కూడా దక్కదు. తను ప్రేమగా చెప్పిన ఒక్క మాట అమ్మగారికి సమాధి లేకుండా చేస్తుందేమోనని ఆమె వణికిపోయింది. ఈ సన్నివేశంలో నేను నా సొంత వాక్యం ఒక్కటీ చేర్చలేదు, పిర్టో చేతులు ఆప్రన్‌ని నలపడం తప్ప. రాసిన రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి నవలలో హంతకుడి పేరు లేదు. మిస్టరీ నవలలో పరిష్కారం లేకపోతే పాఠకుడు మోసపోయాననుకోడా అని చాలా ఆలోచించాను. నేను ఎంచుకున్న దారి, చావు ఎలా జరిగిందన్నది తేల్చకుండా, ఆ ఒక్క మాట రికార్డులోకి ఎలా ఎక్కిందన్నది మాత్రం పూర్తిగా తేల్చడం. ఎవరు ఎవరికి ఉత్తరం రాశారు, ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు ఎందుకు నోరు మూసుకున్నారు, ఇవన్నీ చివరికి ముడిపడతాయి. గుమాస్తా 'ప్రమాదవశాత్తు' అని రాస్తాడు, ఎందుకు రాశాడో పాఠకుడికి తెలుస్తుంది. ఇది అందరికీ నచ్చలేదు. ఒక పాఠకురాలు మెయిల్‌లో, చివరి పేజీ తర్వాత ఇంకో పేజీ ఊడిపోయిందనుకుని వెతికానని రాసింది. ఆమె ఫిర్యాదులో న్యాయం ఉంది, రెండో ముద్రణలో గుమాస్తా నిర్ణయాన్ని ఒక అధ్యాయం ముందుకు తెచ్చాను, ఆ తర్వాత ఊపిరి తీసుకునే చోటు ఉండేలా.

ముగింపు కూడా మార్చాను. ముందు 1561 ఆగస్టు 1న, అసైజ్ కోర్టులో (ఊరూరా తిరుగుతూ వచ్చే న్యాయమూర్తులు జరిపే కోర్టు) తీర్పు నమోదవడంతో అయిపోయేది. ఆమెను అంతకు చాలా ముందే, 1560 సెప్టెంబరు 22న, ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ మేరీ చర్చిలో ఘనంగా ఖననం చేశారు, భర్త రాలేదు. ఇప్పుడు చివరి దృశ్యం లండన్‌లో, టైలర్ కొట్టులో. గుమాస్తా వేరే పని మీద వెళ్తాడు. కొక్కేనికి వెల్వెట్ గౌను వేలాడుతుంటుంది, కాలరు ఆమె అడిగినట్టే కుట్టి ఉంటుంది. ఇది ఎవరిదని అతను అడగడు. టైలర్ మాత్రం, డబ్బు ఎవరిస్తారో కనుక్కుని చెప్పగలరా అయ్యా అని అడుగుతాడు.